రెండో డిలే

"నీకు ప్రోగ్రామింగ్ వచ్చా?" అని అడిగారు చీఫ్ వెంకటరామారావు.

"రాదు సార్."

"అసలేమీ రాదా?"

"ఇంట్ల టీవీ రిమోట్ గూడ మా ఆమె చేతిలనే ఉంటది సార్."

"శభాష్. ఈ మిషన్ నీదే."

ఏజెంట్ బద్యాకు పదహారేళ్ల సర్వీసులో, ఏమీ రానందుకు శభాష్ దక్కడం ఇదే మొదలు. చీఫ్ ఫైల్ తెరిచి నాలుగు ముక్కల్లో తేల్చేశారు. పాల్వంచలో జయప్రకాశ్ అనే పెద్దమనిషి మైక్రోకంట్రోలర్ క్లాసులు నడుపుతున్నాడు. అరచేతిలో పట్టే చిన్న బోర్డు, అందులో మనం రాసిన ప్రోగ్రామ్. లైటు వెలిగించమంటే వెలిగిస్తుంది, మోటారు ఆపమంటే ఆపుతుంది. పైకి అదంతా హాబీ. లోపల మాత్రం జయప్రకాశ్ విదేశీ ముఠా మనిషి. గోదావరి ఒడ్డున వరద సైరన్ల మెయింటెనెన్స్ కాంట్రాక్టు కూడా అతనిదే. ఒక్కసారి సైరన్ మోగకుండా చేసి, జనం కొట్టుకుపోయాక, దేశంలోని నదులన్నిటికీ ముఠా తన సిస్టమ్ అమ్ముకుంటుంది. ఆ తర్వాత ప్రతి డ్యామ్ గేటు గుట్టూ వాళ్ల గుప్పిట్లోనే.

"కాస్త తెలిసినవాణ్ని పంపితే వాడు ఇట్టే పసిగడతాడు. ఏమీ రానివాడే కావాలి. లోపల మన మనిషి ఒకరున్నారు. 'గ్రౌండ్ కలిపావా?' అని అడిగితే వాళ్లేనని తెలుసుకో."

బద్యా జూలూరుపాడు నుంచి వచ్చిన బోరు మోటార్ల మెకానిక్‌గా క్లాసులో చేరాడు. మొదటి రోజే టీచర్ పద్మప్రియ వచ్చింది. నల్ల కళ్లద్దాలు, లేత పచ్చ సిల్కు చీర, ఆమె కన్నా ముందే గదిలోకొచ్చే సెంటు. బద్యా బోర్డు మీదకు వంగి, "గ్రౌండ్ కలిపావా?" అంది.

బద్యా చటుక్కున తలెత్తాడు. అంతలోనే ఆమె పక్కవాణ్నీ అదే అడిగింది. ఆ పక్కవాణ్నీ అడిగింది. గ్రౌండ్ అనే వైరు కలపనిదే బోర్డు మీద ఏదీ పనిచేయదట. కొత్తవాళ్లంతా మర్చిపోయేది దాన్నేనట. ఈ కోడ్ వర్డ్ కనిపెట్టిన మహానుభావుడెవరో గాని, వాడికి దండం పెట్టాలి.

మూడు వారాలు గడిచాయి. బద్యా చేరింది మొదటి పాఠం దాకానే. లైటు వెలగాలి, ఒక సెకను ఆగాలి, ఆరాలి, మళ్లీ ఒక సెకను ఆగాలి, మళ్లీ మొదటికి రావాలి. ఆ ఆగడాన్నే డిలే అంటారు. బద్యా లైటు వెలిగింది గాని చచ్చినా ఆరలేదు.

పద్మప్రియ చూసి నవ్వింది. "రెండో డిలే మర్చిపోయావ్ బద్యా. ఆరిన మరుక్షణమే మళ్లీ వెలుగుతోంది. ఆరిందని కంటికెట్లా తెలుస్తది?"

"రేపు సక్కగ చేస్త మేడమ్."

మర్నాడు జయప్రకాశ్ ఫీల్డ్ విజిట్ అని చెప్పి బద్యాను కారెక్కించుకున్నాడు. పద్మప్రియ కూడా ఎక్కింది. సారపాక దాటి, జామాయిల్ తోట చివర, గోదావరి ఒడ్డున సైరన్ గది ముందు కారు ఆగింది. అక్కడ జయప్రకాశ్ పిస్తోలు తీశాడు.

"లోపలికి నడువు, ఏజెంటు గారూ. మూడు వారాలైనా లైటు ఆర్పరాని మెకానిక్ ఏడనన్న ఉంటడా? పైన గేట్లెత్తిండ్రు. మూడింటికల్లా రామ్‌సింగ్ తండాల నీళ్లుంటయ్. మోగని సైరన్ పక్కనే నిలబడి చూస్తువు గాని."

ఫోను లాక్కున్నాడు. పద్మప్రియ బద్యా టిఫిన్ క్యారియర్‌ను లోపలికి తోసింది. "పాపం, అన్నమన్నా తిననియ్యండి" అంది. షట్టర్ దిగింది. తాళం పడింది. కారు వెళ్లిపోయింది.

నాలుగు గోడలు, ఇనప షట్టర్, చువ్వల కిటికీ. బద్యా షట్టర్‌ను భుజంతో గుద్దాడు, కాలితో తన్నాడు, గొంతు పోయేలా అరిచాడు. నది హోరులో ఆ అరుపు అతనికే సరిగ్గా వినిపించలేదు. షట్టర్ కింద నుంచి ఎర్రనీళ్లు పాకుతూ వచ్చి పాదాలు తడిపాయి. కిటికీలోంచి చూస్తే గట్టుకవతల పల్లంలో రామ్‌సింగ్ తండా, నలభై ఇళ్లు. మూడో ఇల్లు అతని అక్క బాలిది. అమ్మ పోయాక అతన్ని చంకనేసుకుని పెంచిన అక్క. బద్యాకు భయమేసింది. సర్వీసులో ఇన్నిసార్లు చిక్కుకున్నా ఇంత భయం ఎప్పుడూ వేయలేదు.

సైరన్ ప్యానెల్ ఛాతీ ఎత్తులో ఉంది. తెరిచాడు. లోపల క్లాసులో చూసిన బోర్డే ఉంది, సైరన్ స్విచ్చికి దాన్నుంచి ఒక పసుపు వైరు పోతోంది. ఆ బోర్డే సైరన్ నోరు నొక్కి పట్టింది. తన బోర్డు ఉంటే బాగుండుననుకుంటూ క్యారియర్ విప్పాడు. పై గిన్నెలో పప్పన్నం. కింది గిన్నెలో నిన్న క్లాసులో వదిలేసిన తన బోర్డు, బ్యాటరీ.

"మేడమ్, నువ్వేనా మన మనిషివి" అని గొణిగాడు.

బ్యాటరీ తగిలించి గ్రౌండ్ కలిపాడు. అది మాత్రం మర్చిపోలేదు. పసుపు వైరు పీకి తన బోర్డుకు గుచ్చాడు. నెత్తి మీద సైరన్ గుయ్యిమంది. బద్యా కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

కిటికీకి పరిగెత్తాడు. తండాలో ఒక్కరూ తల ఎత్తలేదు. కిటికీ పక్కనున్న గట్టు మీద సైకిలు తొక్కుకుంటూ పోయే ఇద్దరు కాగితం మిల్లు మనుషుల్లో ఒకడు, "రెండయింది, బి షిఫ్ట్ సైరన్. జల్దీ తొక్కు" అని సైరన్‌ను మించి కేకేశాడు.

బద్యా అరిచేలోపే వాళ్లు తోటలో కలిసిపోయారు. ఇక్కడి జనానికి సైరన్లే గడియారం. ఏకధారగా మోగితే మిల్లు షిఫ్టు, ఆగి ఆగి మోగితే వరద. మాక్ డ్రిల్‌లో చెప్పింది అదే. తన ప్రోగ్రామ్‌కు ఆగడమే రాదు. రెండో డిలే లేదు. సరిచేద్దామంటే లాప్‌టాప్ లేదు. నీళ్లు మోకాళ్లు దాటాయి.

"థూ నీ బతుకు" అని తనను తానే తిట్టుకున్నాడు. ఆ తర్వాత పసుపు వైరును వేళ్లతో పట్టుకుని బయటికి లాగాడు.

సైరన్ ఆగింది. ఒకటి లెక్కపెట్టాడు. గుచ్చాడు, మోగింది. ఒకటి. లాగాడు. ఒకటి. గుచ్చాడు. క్లాసులో మూడు వారాలు బుర్రకెక్కని పాఠం వేళ్లకెక్కింది. నీళ్లు నడుముకొచ్చాయి. వేళ్లు కొయ్యబారాయి. ఆపితే తండా పోతుంది, ఆపినా ఆపకున్నా తాను పోయేలాగే ఉన్నాడు. లాగాడు. ఒకటి. గుచ్చాడు.

అప్పుడు పల్లంలో అద్దాల లంగా ఒకటి తళుక్కుమంది. బాలి వాకిట్లోకొచ్చి ఆకాశం వైపు చూసి, ఇల్లిల్లూ తలుపులు బాదడం మొదలుపెట్టింది. పిల్లలు, మూటలు, మేకలు, ట్రాక్టర్లు అన్నీ గట్టెక్కుతున్నాయి. ఆఖరి మేక గట్టెక్కేదాకా బద్యా వైరు వదల్లేదు. నీళ్లు ప్యానెల్‌ను అందుకున్నాయి. సైరన్ గొంతు పూడిపోయింది.

షట్టర్ కిర్రుమంటూ లేచింది. ఛాతీ లోతు నీళ్లలో పద్మప్రియ, ఒక చేతిలో తాళంచెవి, ఇంకో చేతిలో జయప్రకాశ్ పిస్తోలు.

"వాడేడి మేడమ్?" అన్నాడు బద్యా.

"సైరన్ విని వాడు కారు వెనక్కి తిప్పిండు, అప్పటికే తండా మొత్తం ట్రాక్టర్లతో రోడ్డెక్కింది. మేకల మధ్య కారు ఇరుక్కుంది. పిస్తోలు గుంజుకుని వాణ్ని మీ అక్కకు అప్పజెప్పొచ్చిన. ఇంక నడువు."

గట్టు మీద బాలి జయప్రకాశ్‌ను ట్రాక్టరుకు కట్టేసి కూర్చుంది. తమ్ముణ్ని చూడగానే కొంగుతో అతని తల తుడిచింది. ఏడ్చింది. ఆ తర్వాత తిట్టింది. "మిల్లు సైరన్ అనుకొని రొట్టెలు చేసుకుంట కూసున్న తమ్మీ. ముందుగాలనే సక్కగ మోగియ్యొద్దా?"

పద్మప్రియ ఫోనులో చీఫ్ లైన్‌లోకి వచ్చారు. "శభాష్ బద్యా. మొత్తానికి ప్రోగ్రామింగ్ నేర్చుకున్నావన్నమాట."

బద్యా వాచిన వేళ్ల వైపు చూసుకున్నాడు.

"నేర్చుకున్న సార్. గని బోర్డుకింక రాలే, నాకే వచ్చింది."