ఎవరా సైరమ్మ?

"నా పాటేనండీ" అన్నాడతను. ఆ ఒక్క మాటతో వచ్చింది తంటా అంతా.

అంతకు అయిదు నిమిషాల ముందు వరకూ ఎస్తేర్ చల్లగానే ఉంది. ఉప్పల్‌లో మెట్రో స్టేషన్ వెనక సందు, మందుల షాపు పైన చెవి, ముక్కు, గొంతు దవాఖానా. అందులో చెవులు పరీక్షించే ఉద్యోగం ఆమెది. అద్దాల గది లోపల పేషెంటు, బయట మిషన్ ముందు ఆమె. లోపలి మాట మైకులోంచి ఆమె చెవికి వస్తుంది. 'కీ' మని వినపడగానే పేషెంటు చేతిలో బటన్ నొక్కాలి, ఇవతల పచ్చలైటు వెలగాలి. ఇంతే పని.

ఆ రోజు లోపల కూర్చున్నవాడికి గడ్డం, ఒక చెవికి పోగు, ఇస్త్రీ మొహం చూడని చొక్కా. రెండు నెలలుగా చెవిలో హోరు అని వచ్చాడు. కాగితం మీద పేరు హృషికేశ్, వయసు ఇరవై తొమ్మిది. వృత్తి అన్నచోట 'సంగీతం' అని రాసి, పక్కన 'సొంతంగా' అని కలిపాడు. ఎవడి కిందా పనిచేయనని గొప్ప కాబోలు.

ఆమె మిషన్ సరిచేసుకుంటుంటే, ఊరికే ఉండలేక లోపల కూనిరాగం తీశాడు.

"సైరమ్మా సైరమ్మా జర్ర ఆగవే
పిలువకే పిలువకే వస్త గానీ..."

ఎస్తేర్ చెయ్యి మిషన్ మీదే ఆగిపోయింది. అది ఆమె జోలపాట. అమ్మమ్మ ఒళ్ళో తప్ప లోకంలో ఇంకెక్కడా వినని పాట.

"ఓ మిస్టర్! ఆ పాట ఎక్కడిది?"

మైకులో ఆ అరుపుకు అతను ఎగిరిపడి బటన్ నొక్కేశాడు. పచ్చలైటు వెలిగింది.

"టెస్ట్ మొదలైందాండీ?"

"పాట ఎక్కడిదని అడుగుతున్న!"

"నా పాటేనండీ. పోయిన నెల రిలీజ్ చేశాను. ఇన్‌స్టాలో వినుంటారు."

"నీ పాటనా? గది మా అమ్మమ్మ పాట!"

"మంచి పాట ఏదైనా ఎక్కడో విన్నట్టే ఉంటుందండీ. కాంప్లిమెంట్‌గా తీసుకుంటాను." నవ్వాడు కూడా.

"కాంప్లిమెంట్ కాదు, కంప్లైంట్!"

కోపం కోపమే, డ్యూటీ డ్యూటీనే. పళ్ళు కొరుక్కుంటూనే పరీక్ష మొత్తం చేసింది. కుడిచెవికి సన్నటి శబ్దాలు కొంచెం తక్కువగా వినపడుతున్నాయి. రిపోర్టు చేతిలో పెట్టి, "స్పీకర్ పక్కన నిలవడకు. పక్కోళ్ళ పాటలు ఎత్తుకపోవాలన్నా చెవులు కావాలె గద" అంది.

అతను మెట్లు సగం దిగి మళ్ళీ పైకొచ్చాడు. ఈసారి నవ్వు లేదు.

"జర ఆలోచించి మాట్లాడండి. పదిహేనేళ్ళ సంది పాడుతున్న, ఒక్క ముక్క ఎవ్వరిదీ తీసుకోలే."

కోపమొస్తే తప్ప అతని నోట ఈ ప్రాంతపు మాట రాదని ఆ రోజే కనిపెట్టింది ఎస్తేర్. కనిపెట్టినందుకు తన మీద తనకే మండింది.

*

ఇల్లు నాచారంలో, మూతబడిన నూలు మిల్లు వెనక లైన్లో. సంగతంతా విన్న తల్లి అరుణకుమారి పొయ్యి కట్టేసి గుండె పట్టుకుంది.

"మొగోనితోని లొల్లి పెట్టుకుంటివా? వాడు బండేసుకొని వెంట వడితే? నీ ఫొటో దేన్లోనన్న పెడితే? వద్దు బిడ్డా, పాట పోతే పోనీ."

"ఎట్ల పోనిస్తమమ్మా? రేపు ఇల్లు కూడ నాదంటడు!"

"అంటడా?" అని అరుణకుమారి నిజంగానే భయపడింది. ఇంటి కాగితాలున్న బీరువా వైపు ఒకసారి చూసింది.

ఎస్తేర్ అన్నం ముందు కూర్చుని అతని వీడియోలన్నీ వెతికింది. 'నా సంగీత ప్రయాణం' అని నలభై నిమిషాల ముచ్చట ఒకటి దొరికింది. కాజీపేట రైల్వే కాలనీలో చర్చి కిటికీ పట్టుకుని వేలాడి కీబోర్డు నేర్చుకున్నాడట. పెళ్ళి బ్యాండులో క్లారినెట్ వాయించే బిక్షపతి వెంట ఊరేగింపుల్లో తిరిగాడట. అంబర్‌పేట్ బోనాల్లో డప్పు దెబ్బకు కాలు నిలవలేదట. కాలేజీలో రాక్ గ్రూపు, ఆ తర్వాత దర్గా మెట్ల మీద ఖవ్వాలీలు, రైళ్ళు లేటయిన రోజుల్లో చర్లపల్లి స్టేషన్‌లో గిటార్ పట్టుకుని పాటలు. ఒక్కొక్కరికీ దండం పెడుతున్నాడు. ఆఖరికి తీగ తెగినప్పుడల్లా అరువిచ్చిన షాపాయనకు కూడా పెట్టాడు.

అందరూ ఉన్నారు. అమ్మమ్మ మరియమ్మ లేదు.

పైగా ఆ పాట గురించి అడిగితే, కళ్ళు అరమూసి ఏమన్నాడో తెలుసా? "ఊహ తెలిసినప్పటి నుంచీ నా మనసులో ఒక అమ్మాయి ఉంది. ఆమె పేరు సైరమ్మ."

కింద వంద ఎర్రగుండెలు. 'ఎవరన్నా ఆ లక్కీ గర్ల్?' అని ప్రశ్నలు. ఇంకా కింద, 'రచన, స్వరం, గానం: హృషికేశ్'.

ఎస్తేర్ కంచం పక్కకు నెట్టింది. పద్దెనిమిదేళ్ళు మిల్లులో దారం తీసి, ఆ మిషన్ల మోతకు చెవులు పోగొట్టుకున్న మనిషి అమ్మమ్మ. చదువు రాదు, సంతకం రాదు. ఆమె సొంతంగా చేసింది లోకంలో ఒకటే ఒకటి, ఆ పాట. దాని కింద కూడా ఇంకొకడి పేరా?

అక్కడే కామెంటు పెట్టింది. 'దమ్ముంటే మా అమ్మమ్మ ముంగట పాడి, నీ పాటే అని ఆమెతో చెప్పు.'

నిమిషంలో జవాబు వచ్చింది. 'అడ్రస్ పెట్టండి.'

*

ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికి గేటు దగ్గర బండి, వీపున గిటారుతో హృషికేశ్ నిలబడి ఉన్నాడు. సన్నగా జల్లు పడుతోంది. చెట్టు కిందికైనా జరగకుండా గిటారుకు తన కోటు కప్పి తను తడుస్తున్నాడు. అది చూసి ఎస్తేర్ మనసు ఒక్క క్షణం మెత్తబడబోయింది. ఆమె పడనివ్వలేదు.

"ఆ పెద్ద డబ్బాల ఏమున్నదో అడుగు బిడ్డా" అని తల్లి చెవిలో గొణిగింది.

"గిటారండీ" అన్నాడతను.

"ఇన్నడే!" అరుణకుమారి కూతురి వెనక్కి జరిగింది.

మరియమ్మ మంచం మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. డెబ్భై ఏడేళ్ళు. చెవిలో ఎస్తేర్ పెట్టిన మిషన్. అతను కింద చాప మీద కూర్చుని, తీగలు సవరించుకుని, పాట మొత్తం పాడాడు. ఎంత కోపంలో ఉన్నా ఎస్తేర్ ఒప్పుకోక తప్పలేదు, గొంతు బాగుంది. దొంగ గొంతులన్నీ బాగానే ఉంటాయని సర్ది చెప్పుకుంది.

"సైరమ్మా సైరమ్మా జర్ర ఆగవే
పిలువకే పిలువకే వస్త గానీ
గుండిడువని బంగారం ఒకటున్నది
కన్నంటుకోనియ్యి వస్త గానీ."

మరియమ్మ చేతిలో గింజ కింద పడింది.

"గుండె కాదు పిలగా, కొంగు. కొంగిడువని బంగారం."

అతను తెల్లబోయాడు. "అక్కడ కొంగు అనే వస్తుంది నాకు ఎప్పుడూ. మగవాడి పాటలో కొంగేంటని నేనే మార్చాను."

"దొరికిండు!" ఎస్తేర్ చప్పట్లు చరిచింది. "ఇంక చెప్పు, మీ సైరమ్మ ఎవరు? ఏ కాలేజీ?"

"సైరమ్మ ఆడిది కాదే" అంది మరియమ్మ. "సైరను. మిల్లు కూత. రెండు గొట్టంగనే కూసేది, పొలోమని ఉరికేటోళ్ళం. నాకు నోరు తిరగక సైరమ్మ అంటుంటి."

హృషికేశ్ నోరు తెరిచాడు. సైరమ్మంటే అమ్మమ్మను పనికి పిలిచే పక్కింటావిడ అనుకుంటూ పెరిగిన ఎస్తేర్ కూడా నోరు తెరిచింది. కానీ ముందు తేరుకున్నదీ ఆమే.

"అంటే, ఇరవై అయిదేళ్ళ సంది ఫ్యాక్టరీ కూతను లవ్ చేస్తున్నవా?"

హృషికేశ్ ముఖం గిటారు పెట్టెలో దాచుకున్నంత పనిచేశాడు. "ఇంటర్వ్యూ కూడా ఇచ్చానండీ" అన్నాడు నీరసంగా.

అరుణకుమారి మాత్రం నవ్వలేదు. కూతురి వెనక నుంచి మెల్లగా ముందుకొచ్చి, అతని ఎడమ కనుబొమ్మ మీది గాటు చూస్తోంది.

"మీ నాయిన పేరు గంగాధరరావు కదా? రైల్వేల?"

"అవునండీ. నా చిన్నప్పుడు ఇక్కడెక్కడో అద్దెకుండేవాళ్ళమట. ట్రాన్స్‌ఫరై కాజీపేట వెళ్ళిపోయాం."

"రుషిగా! నువ్వారా? ఈ గడపకే తాకింది రా నీ నొసలు. కన్ను పోయిందనుకొని మూడు రోజులు అన్నం తినలే నేను!"

తల్లి ఆఫీసుకు పోతే, నాలుగేళ్ళ రుషిగాడు పొద్దంతా ఈ ఇంట్లోనే ఉండేవాడు. రెండో షిఫ్టుకు మరియమ్మ బయలుదేరితే కొంగు వదిలేవాడు కాదు. కూత లోపు వాడిని పండుకోబెట్టడానికి అప్పటికప్పుడు అల్లిన పాట అది.

"అమ్మమ్మా!" ఎస్తేర్‌కు ఈసారి నిజంగా కళ్ళలో నీళ్ళు వచ్చాయి. "కొంగిడువని బంగారం నేను కాదా?"

"నీకేమున్నదే, పాలు తాగి ఏడ వడితే ఆడ పంటుంటివి. వీడే మా పానం తీసిండు."

ఇంతకంటే అన్యాయం ఇంకేముంటుంది? పాట ఎత్తుకుపోయినవాడే పాటలో బంగారం. ఎస్తేర్ విసవిసా వంటింట్లోకి పోయింది. హృషికేశ్ గుమ్మం దాకా వచ్చి ఆగాడు.

"పాట నా మీదే. కానీ నాది కాదు. తప్పయింది. ఇవాళే తీసేస్తా, పేరు సరిచేసి మళ్ళీ పెడతా."

"వీడియోల అందరికి దండం పెట్టినవు. తీగలమ్మినోనికి సుత! మొదలు పాట నేర్పినామె ఒక్కతే యాదికి రాలేదా?"

అతను గుమ్మానికి ఆనుకున్నాడు. "మొదటి పాట నేర్చుకున్నట్టు ఉండదు ఎస్తేర్. మాటలొచ్చినట్టే వచ్చేసి ఉంటుంది. మాటలెవరు నేర్పారని ఎవరైనా చెప్తారా?"

జవాబు బాగుంది. అందుకే ఆమెకు ఇంకా మండింది. "మాటలు మస్తు చెప్తవు. శనివారం నీ ప్రోగ్రామున్నది గద, ఆ స్టేజీ మీద చెప్పు, సూస్త."

*

శనివారం సాయంత్రం ఉప్పల్‌లో కాఫీ హోటల్ మేడ మీద రేకుల హాలు. నూరు కుర్చీలు. అరుణకుమారి ముందు మెట్లు లెక్కపెట్టి, రేకులు చూసి, మంటలంటుకుంటే ఎటు దిగాలో తల్లికీ కూతురికీ చెప్పి, అప్పుడు కూర్చుంది.

హృషికేశ్ ఒక్కో పాటకూ ఒక్కో గురువు పేరు చెబుతున్నాడు. చర్చి కిటికీ అయింది. బిక్షపతి క్లారినెట్టు అయింది. బోనాల డప్పు, ఖవ్వాలీ కూడా అయ్యాయి. "ఇదే చివరి పాట" అన్నాడు. మరియమ్మ పేరు ఇంకా రాలేదు. ఎస్తేర్ ముఖం ఎర్రబడింది. కుర్చీ చప్పుడయ్యేలా లేచింది.

"చూశారా, కంప్లైంట్ మేడమ్ లేచారు" అన్నాడతను మైకులో. "కూర్చోండి మేడమ్. మొదటి గురువు పేరు చివర చెప్పాలని దాచుకున్నా. మీరందరూ అడిగారుగా సైరమ్మ ఎవరని? అమ్మాయి కాదు, నాచారం మిల్లు సైరన్. నేను నాలుగేళ్ళ మొద్దుని, నాకు తెలీలేదు. ఈ పాటకు మాట, బాణీ నావి కావు. అవి మరియమ్మగారివి. నూలు మిల్లు, మొదటి షిఫ్టు."

హాలంతా చప్పట్లు. ఆ చప్పట్ల మీదుగా ముందు వరుసలోంచి ఖంగుమని గొంతు లేచింది.

"మొదటి షిఫ్ట్ కాదురా, రెండో షిఫ్ట్! పేరు పెడితే సక్కగ పెట్టు! ఇంకోటి, మొన్న ఇంట్ల పాడినప్పుడు 'పిలువకే' కాడ ఉరికినవేంది? కూత ఆగినంకనే ఊపిరి తీస్కోవాలె."

"ఎక్కడ ఆగాలో మీరే చూపించండి అమ్మమ్మా."

మరియమ్మ కుర్చీలోంచి లేవకుండానే పాడింది. వణికే గొంతు, పళ్ళు లేని నోరు. అతను గిటారు మీద అరచెయ్యి ఆనించి వింటున్నాడు. ఎస్తేర్ నిలబడే ఉంది. పోట్లాడడానికి ఇంకేం మిగల్లేదు. ఊరికే ఏడుపొచ్చింది.

*

నెల తర్వాత హృషికేశ్ మళ్ళీ దవాఖానాకు వచ్చాడు, చెవుల పరీక్షకు. నిజానికి ఆరు నెలలకొకసారి చాలు. ఎస్తేర్ ఆ మాట చెప్పలేదు.

"అమ్మ నిన్ను తిడుతున్నది" అంది గది తలుపు వేస్తూ.

"మళ్ళీ ఏం చేశాను?"

"వానల బండి మీద తిరుగుతడు, హెల్మెట్ పెడతడో లేదో, చెవు పోతే బతుకెట్ల, ఏం తింటడో ఏమో అని పొద్దంతా ఒకటే ఫికర్. యాష్టకొచ్చింది నాకు."

"అంత కోపమా నా మీద?"

"పిచ్చోడా. మా అమ్మ బయటోళ్ళకు భయపడతది. ఇంట్లోళ్ళ కోసం భయపడతది."

అతను ఆ మాట లోపలికి తీసుకుపోయి కుర్చీలో కూర్చున్నాడు. హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాడు. అద్దంలోంచి చూస్తూ, మైకుకు దగ్గరగా వంగాడు.

"మా అమ్మ వచ్చే ఆదివారం మీ ఇంటికి వస్తానంటోంది. కొంగు పట్టుకుని మళ్ళీ మీ ఇంట్లోనే ఉండిపోతానంటే... మీకేమైనా కంప్లైంటా?"

ఎస్తేర్ మిషన్ మీద శబ్దాన్ని తగ్గించింది. ఇంకా తగ్గించింది, మామూలు మనిషికి వినపడీ వినపడని అంచు దాకా. అప్పుడు మైకు పెదవులకు ఆనించి, ఊపిరంత మెల్లగా అంది.

"లేదు."

పచ్చలైటు వెలిగింది. ఎంతసేపటికీ ఆరలేదు. లోపలివాడు బటన్ మీంచి వేలు తీయడం లేదు.