పేషెంట్ వెంట వచ్చినవారు బయట కూర్చోవాలి

"గ్యాస్ మేడం. నాలుగేండ్ల సంది గ్యాసే," అన్నాను. డాక్టర్ సుసన్న గారు ఇంకా అమ్మ పేరైనా అడగలేదు.

నా పేరు సుశాంత్. బొంగులూరు దగ్గర ఒక వెంచర్‌లో ప్లాట్లు అమ్ముతాను. మాట్లాడటమే నా ఉద్యోగం. ఎదుటివాళ్లు నోరు తెరిచేలోపు వాళ్లకేం కావాలో నేనే చెప్పేస్తాను. అదే అలవాటు ఇంట్లోనూ. మా అమ్మ భూలక్ష్మి సగం అన్నం తిని లేస్తే గ్యాస్ అన్నాను. పెళ్లిళ్లకు రానంటే గ్యాస్ అన్నాను. బస్సెక్కడం మానేసింది, బతుకమ్మ ఆడటం మానేసింది. దానికీ గ్యాసే. మెడికల్ షాపువాడు నన్ను చూడగానే అడక్కుండా గోలీలు తీసేవాడు.

ఆ రోజు ఇబ్రహీంపట్నమంతా ముసురు. బస్టాండ్ వెనక కొత్తగా పెట్టిన చిన్న క్లినిక్‌కి అమ్మను ఆటోలో తీసుకొచ్చాను. డాక్టరమ్మ పెన్ను పట్టుకోగానే తలుపు దగ్గర్నుంచి ఒక గొంతు వినిపించింది.

"అన్నా, పేషెంట్ మీరా, అమ్మనా?"

తిరిగి చూశాను. లేత ఆకుపచ్చ చుడీదార్, మెడలో హెల్ప్ డెస్క్ అని రాసిన కార్డు, కింద ఉజ్వల అని పేరు. కళ్లు మాత్రం హెల్ప్ చేసేలా లేవు.

"అమ్మనే."

"మరి మీరే చెప్తున్నరేంది?"

"మా అమ్మకు డాక్టర్లతోని మాట్లాడరాదు."

"ఇందాక మీరు ఫోన్ల ఉన్నప్పుడు నాతోని పావుగంట మాట్లాడింది. మా ఇంట్ల పొద్దున ఏం కూరనో గూడ అడిగింది. జర బయట కూసోర్రి."

"నేను కొడుకును!"

"గందుకే."

అమ్మ నన్ను వెనకేసుకొస్తుందని అటు చూశాను. అమ్మ కొంగు సర్దుకుంటూ, "పో బిడ్డా, జరసేపు," అంది. తలుపు మూసుకుంది.

వరండాలో కుర్చీలన్నీ నిండిపోయాయి. రేకుల మీంచి కారే చినుకులు సరిగ్గా నా భుజం మీదే పడుతున్నాయి. ఫోన్‌లో చార్జింగ్ లేదు. చదవడానికి గోడ మీద బోర్డొక్కటే దిక్కయింది. ఎడమవైపు పేషెంట్ హక్కులు. తన రోగం గురించి, వైద్యం గురించి అర్థమయ్యేలా తెలుసుకోవచ్చు. డాక్టర్‌తో ఒంటరిగా మాట్లాడవచ్చు, ఆ మాట మూడో మనిషికి చేరదు. ఇంకో డాక్టర్‌ని అడగవచ్చు, వద్దని కూడా అనవచ్చు. కుడివైపు బాధ్యతలు. ఏదీ దాచకూడదు, పాత కాగితాలు తేవాలి, సిబ్బందితో మర్యాదగా ఉండాలి. అన్నిటికీ కింద ఎర్రగా, పేషెంట్ వెంట వచ్చినవారు పిలిచేదాకా బయట కూర్చోవాలి.

నలభై నిమిషాలకు అమ్మ బయటికొచ్చింది. ఏడ్చి కడుక్కున్న ముఖం. నాకు భయమేసింది. భయమేస్తే నాకు కోపమొస్తుంది. సరాసరి హెల్ప్ డెస్క్ దగ్గరికి పోయాను.

"ఏమైంది మా అమ్మకు?"

"అమ్మనడుగుర్రి."

"నిన్నడుగుతున్న!"

"ఆమె చెప్పమంటేనే చెప్త."

"కొడుక్కు చెప్పకుంటే ఇంకెవలికి చెప్తవ్? గిదేం దవాఖాన?" అని అరిచాను. వరండా అంతా నన్నే చూసింది.

ఉజ్వల గొంతు పెంచలేదు. గోడవైపు వేలు చూపించి, "కుడి దిక్కు మూడోది చదువుర్రి అన్నా," అంది.

మర్యాద. చదివి నోరు మూసుకున్నాను. ఒక్క మాటతో నా నోరు మూయించిన మొదటి మనిషి ఆమే. అన్నా అనడం మాత్రం ఎందుకో నచ్చలేదు.

కొంగరకలాన్‌లో మా ఇంట్లో మూడు రోజులు నేనేమీ అడగలేదు. నాలుగో రోజు పొద్దున అమ్మ చాయ్ గ్లాసు నా ముందు పెట్టి కూర్చుంది.

"నాది గ్యాస్ కాదు బిడ్డా. గర్భసంచి జారింది. నాలుగేండ్లాయె. మొగపిల్లగానివి, నీకెట్ల చెప్పాలె? మీ బాపుకే చెప్పలే."

బస్సు కుదుపులంటే ఆమెకెందుకంత భయమో, పెళ్లిళ్లలో గంటలు గంటలు ఎందుకు కూర్చోలేకపోయిందో అప్పుడు తెలిసింది. సిగ్గుతో, బాధతో ఏడ్చేశాను. నేను ఏడుస్తుంటే అమ్మే నా వీపు నిమిరింది.

ఇది రాసేముందు అమ్మను అడిగాను. "రాయి. నాలెక్క దాస్కునేటోళ్లు చదువుతరు," అంది.

అమ్మ బాపుక్కూడా చెప్పింది. మళ్లీ క్లినిక్‌కి వెళ్లినప్పుడు మా ఇద్దరినీ లోపలికి రమ్మని అమ్మే పిలిచింది. మా బాపు హన్మంత్ దారిలోనే తీర్పు చెప్పేశాడు, గర్భసంచి తీసేయిస్తే పీడ పోతుందని. డాక్టరమ్మ కాగితం మీద బొమ్మ గీసి చూపించింది. వ్యాయామాలు, గర్భసంచి జారకుండా లోపల పెట్టే రింగు, ఆపరేషన్. దేంతో లాభమేంటో, ఇబ్బందేంటో నిదానంగా చెప్పింది. బాపు నోరు తెరవబోయాడు. ఆయన మోకాలి మీద చెయ్యి వేశాను.

"బాపూ, అమ్మ చెప్తది."

అమ్మ అడిగింది, మళ్లీ అడిగింది. చివరికి, "గిప్పుడైతే రింగు పెట్టుర్రి మేడం. ఆపరేషన్ సంగతి వరికోతలైనంక చూస్త. ముందుగాల నేను బతుకమ్మ ఆడాలె," అంది.

తలుపు దగ్గర ఉజ్వల నావైపు చూసింది. ఆ కళ్లు మొదటిసారి హెల్ప్ చేసేలా కనిపించాయి.

ఆ పూటే డెస్క్ దగ్గర నిలబడ్డాను. "ఆ దినం అరిచిన. తప్పైంది."

"అవ్, తప్పే."

"మాఫ్ చేస్తరా?"

"చూద్దాం. ముందుగాల టోకెన్ తీస్కొని లైన్ల నిలబడుర్రి."

తీసుకున్నాను. నిలబడ్డాను. నా వంతు వచ్చింది.

"ఏం ప్రాబ్లమ్?" అంది, తలెత్తకుండా.

"ఛాతీల గడబిడ. ఈడికొస్తే ఇంకింత ఎక్కువైతున్నది."

"గ్యాస్ కావచ్చు. ఇంటికి పోయి వాము నమలుర్రి."

వెనక ముసలాయన పకపకా నవ్వాడు. ఉజ్వల రిజిస్టర్‌లో తలదూర్చింది కానీ భుజాలు కదులుతున్నాయి. ఆ తర్వాత అమ్మ చెకప్‌కి నేను ఒక్కసారీ గైర్హాజరు కాలేదు. బయటే కూర్చునేవాణ్ణి, డెస్క్‌కి ఎదురుగా. ఒకరోజు, "సుశాంత్, ఆ కుర్చీ జర ఇటు జరుపు," అంది. అన్నా పోయింది! ఆ వరండాలో కుర్చీలన్నీ జరిపేద్దామనిపించింది.

సద్దుల బతుకమ్మ నాడు అమ్మ పిలిస్తే ఉజ్వల మా ఊరికి వచ్చింది. అమ్మ పట్టుచీర కట్టుకుని, చప్పట్లు కొడుతూ, మా వాడ ఆడవాళ్లందరికీ ముందు నిలబడి ఆడింది. నాలుగేళ్ల తర్వాత! ఉజ్వల ఆమె పక్కనే ఆడుతూ కళ్లు తుడుచుకుంది. ఉజ్వలను చేసుకుంటానని నేనిక ఆ రాత్రే ఇంట్లో చెప్పేశాను.

ఆదివారం సంబంధం మాట్లాడటానికి బడంగ్‌పేట్‌లో ఉజ్వల వాళ్లింటికి బయల్దేరాం. అమ్మ ఆటో వద్దని బస్సెక్కింది, కిటికీ పక్క సీటు కోసం బాపుతో గొడవ పడింది కూడా.

వాళ్లింట్లో చాయ్ చల్లారకముందే అంతా అయిపోయేలా ఉంది. "మా పిల్లకు ఇష్టమే," అంది ఉజ్వల మేనత్త భాగ్య. "మా వాడు ఆ పిల్ల గీసిన గీత దాటడు," అన్నాడు బాపు. ముహూర్తం దాకా వెళ్లిపోయారు. ఉజ్వల కొంగు సర్దుకుంటూ తలొంచుకుని కూర్చుంది. ఆ రోజు డాక్టర్ ముందు అమ్మ సరిగ్గా అలాగే కూర్చుంది.

లేచి నిలబడ్డాను. "జర అందరు బయట కూసోర్రి."

"ఎందుకు?" అన్నాడు బాపు.

"అడగాల్సిన మనిషిని ఎవరడిగిన్రు?"

అందరికంటే ముందు అమ్మ లేచింది. "లేవుర్రి, లేవుర్రి! వెంట వచ్చినోళ్లు బయట కూసోవాలె!" అంటూ అందరినీ తోలి, తలుపు మూసింది.

ఉజ్వల చేతులు కట్టుకుంది. "ఏం ప్రాబ్లమ్?"

వందల ప్లాట్లు అమ్మిన నోరు ఎండిపోయింది. "నువ్వంటే నాకు పానం. నీకిష్టం లేకుంటే వద్దనొచ్చు. గది నీ హక్కు."

"ముందుగాల అర్థమయ్యేటట్టు చెప్పు. లాభమేంది, ఇబ్బందేంది?"

"లాభం, మా అమ్మ ఎప్పుడు నీ దిక్కే ఉంటది. ఇబ్బంది, నేను మస్తు మాట్లాడుత."

"ఇంకో డాక్టర్‌ని అడగొచ్చునా?"

"అడగొచ్చు," అన్నాను. నా ముఖం ఎలా పెట్టానో గానీ ఆమె ఇక నవ్వు ఆపుకోలేకపోయింది.

"అక్కెర లేదు. బతుకమ్మ కంటే ముందుగాల్నే నాకు నువ్వంటే ఇష్టం. ఎవరన్న నన్నడిగితే చెప్దామని చూస్తున్న."

తలుపు తెరిచాను. అందరూ నన్నే చూశారు, ఏమైందని. నోటిదాకా వచ్చిన మాటను మింగేసి పక్కకు జరిగాను. నా వెనక నుంచి ఉజ్వల ముందుకొచ్చి, వాడ మొత్తం వినేలా తన నోటితో తనే చెప్పింది.