సెల్లార్‌లో పగిలిన పిల్లర్

"పట్టుకోండ్రా... ఫోన్ గుంజుకోండి!"

వెనక బూట్ల చప్పుడు!

ఉమామహేశ్వర్ పరుగెత్తుతున్నాడు. నాచారం ఫ్యాక్టరీల వెనక సందు. చీకటి. వాన. యాభై దాటిన గుండె నోట్లోకొచ్చేస్తోంది.

జేబులో ఫోన్. అందులో ఫోటోలు!

కాసేపటి క్రితం ఆయన ఓ కొత్త అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఉన్నాడు. మధ్య పిల్లర్‌ని వేళ్లతో తట్టాడు.

డొల్ల చప్పుడు!

గోరుతో గీకితే పుట్టీ పెచ్చులుగా ఊడింది. వెనక... చెయ్యి దూరేంత చీలిక! తుప్పుపట్టి తెగిన చువ్వలు! పూడ్చిన కుంట మీద లేపిన బిల్డింగ్. నేల కుంగుతోంది.

ఫోటోలు తీస్తుంటే చూశాడు విక్రమ్. బిల్డర్ మనిషి. అప్పట్నుంచీ ఈ పరుగు.

అడ్డంగా లారీ! కిందకి దూరాడు. అవతల తేలాడు. మెయిన్ రోడ్డు... ఆటో!

"ఉప్పల్! పోనీ... పోనీ!"

బ్యాంక్ మేనేజర్ విశ్వనాథానికి ఫోన్ కలిపాడు. ఒకప్పుడు ఉమామహేశ్వరే వెళ్లి ఇల్లు చూసి, తట్టి, ఇంత విలువ అని రాసిస్తేనే ఆ బ్యాంకు లోన్ ఇచ్చేది. ఇప్పుడు యాప్ చెబుతోంది. నాలుగు ఫోటోలు, చుట్టుపక్కల రేట్లు... రెప్పపాటులో విలువ!

"విశ్వనాథం గారూ, ఆ బిల్డింగ్‌కి లోన్లు ఆపండి! కూలిపోతుంది!"

"యాప్‌లో కండిషన్ ఎక్సలెంట్ అనుందండీ."

"యాప్ సెల్లార్‌లోకి దిగిందా?!"

"మీ రిపోర్టు నేనెక్కడ ఎక్కించను? మనిషి చూసి రాసే కాలమ్‌నే తీసేశారు సిస్టమ్‌లో. నా చేతుల్లో ఏం లేదు..."

కట్!

మున్సిపల్ ఆఫీసు... ఎవరూ ఎత్తట్లేదు. 100 నొక్కబోయాడు.

ఫోన్ మోగింది. త్రివేణి!

ఈ మధ్య ఆయన్ని పనికి పిలిచిన ఒకే ఒక్క మనిషి. ల్యాబ్ టెక్నీషియన్. "యాప్ మంచిగుందనే అంటుంది సార్. నా మనసొప్పుతలేదు. జర మీరొకసారి ఆ బిల్డింగ్‌ల నేను కొనే ఫ్లాట్ సూడుండ్రి" అని బతిమాలిన పిల్ల.

"త్రివేణి గారూ! ఆ ఫ్లాట్ కొనకండి! పిల్లర్ పగిలింది. నా వెనక మనుషులు పడ్డారు!"



"మీరేడున్నరు సార్?"

"ఉప్పల్ దగ్గర..."

"మెట్రో స్టేషన్ కింద ఉండుండ్రి. నేనొస్తున్న. పోలీస్ స్టేషన్‌కు ఇద్దరం పోదాం."

హమ్మయ్య! ఒక్కరైనా ఉన్నారు.

స్కూటీ వచ్చి ఆగింది. తడిసి ముద్దయింది త్రివేణి. ఆయన వెనక కూర్చున్నాడు. అద్దంలో... బైక్ లైట్లు!

"వాళ్లే! తొందరగా!"

స్కూటీ ఎగిరింది. మలుపు తిరిగింది.

"ఇటు కాదమ్మా! స్టేషన్ అటు..."

స్పీడ్ పెరిగింది. ఇది నాచారం రోడ్డు!

"త్రివేణి గారూ?!"

"పొద్దుగాలనే రిజిస్ట్రేషన్ అయిపోయింది సార్." ఆమె రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. "ఆఫర్ ఇయ్యాల్నే ఆఖరన్నరు. మీకు చెప్పనీకె మొఖం చెల్లలే. మా నాయన రైల్వేల కష్టపడ్డ పైసలన్నీ అండ్లనే పోసిన. మీ ఫోటోలు బయటపడితే ఆ ఫ్లాట్ ఎవలు కొంటరు?"

"మనుషులుంటారమ్మా అందులో!"

"ఇందాకనే ఫోన్ చేసిండు విక్రమన్న. ఫోటోలు చేతికొస్తే నా పైసలు వాపస్ ఇప్పిస్తనన్నడు."

"మరి నీ తర్వాత ఆ ఫ్లాట్‌లోకి ఎవరొస్తారు?"

ఆమె ఒంటి చేత్తో కళ్లు తుడుచుకుంది. స్కూటీ మాత్రం ఆగలేదు. దూకుదామంటే... రెండు పక్కలా బైకులు!

అదే అపార్ట్‌మెంట్ గేటు. విక్రమ్.

ఫోన్ లాక్కున్నాడు. నుదుటికి పిస్టల్ ఆనించాడు. చల్లటి ఇనుము! పైన బాల్కనీల్లో లైట్లు. ఎవరింట్లోనో కుక్కర్ కూత.

ఉమామహేశ్వర్ కళ్లు మూసుకున్నాడు.

రింగ్!

విక్రమ్ ఫోన్. అవతల బిల్డర్. "హా సేఠ్... అవునా?... సరే."

పిస్టల్ దిగింది. నవ్వాడు.

"పో సారూ."

"...ఏంటి?"

"సేఠ్ బ్యాంకుల అడిగిండంట. నీ రిపోర్టు ఎవ్వడు తీసుకోడంట. నీకోసం గోలీ ఖరాబు చేసుడెందుకు?" ఫోన్ ఆయన చేతిలోకే విసిరాడు. "ఫోటోలు గూడ నీ దగ్గర్నే పెట్టుకో!"

"అన్నా!" త్రివేణి అరిచింది. "మరి నా పైసలు?!"

"ఏం పైసలు? గా ఫోటోలకే విలువ లేకపాయె. ఇంక నీకెందుకియ్యాలె?"

ఆమె తడి నేల మీద కూలబడింది.

ఉమామహేశ్వర్ గొంతు చించుకున్నాడు. "దిగండి! అందరూ కిందకి దిగండి! పిల్లర్ పగిలింది!"

పైన ఒక కిటికీ తెరుచుకుంది.

"ఎవడో తాగొచ్చిండు. గేటెయ్యుండ్రి!"

కిటికీ మూసుకుంది.

త్రివేణి మెల్లగా లేచింది. చేతిలో కొత్త తాళంచెవులు. లోపలికి నడుస్తోంది!

"త్రివేణీ! ఎక్కడికమ్మా?!"

"నాయన పైన సామాన్లు సర్దుతున్నడు సార్. పాతిల్లు ఖాళీ జేసినం... ఇంకేడికి పోవాలె?"

లిఫ్ట్ తలుపులు మూసుకున్నాయి.

పైకి వెళ్లింది.