తుప్పుకెన్ని రంగులు

పెరటి వెనక ఎవరో ఇనుము గీకుతున్న చప్పుడు వినబడి, ఎలిజబెత్ దిద్దుతున్న నోటు పుస్తకాలు పక్కన పెట్టి లేచింది.

అది డెబ్భై మూడో సంవత్సరం, జూన్ నెల, ఆదివారం మధ్యాహ్నం. యనమలకుదురు దాటాక బందరు కాలవ ఒడ్డున, సరిగ్గా వాళ్ళింటి వెనకే, ఒక పాత డ్రెడ్జరు ఎనిమిదేళ్ళుగా ఒరిగి పడి ఉంది. ఒకప్పుడు ఆవిరితో నడుస్తూ కాలవలో పూడిక తీసిన పడవ అది. ఇప్పుడు దాని నిండా తుప్పు, తుప్పు నిండా తీగలు. ఇత్తడి సామానంతా దొంగలు ఎప్పుడో ఊడదీసుకుపోయారు.

"దిగండి కిందకి," అంది ఎలిజబెత్ గట్టు మీద నిలబడి.

డెక్కు మీద గొంతుక్కూర్చున్న యువకుడు తలెత్తాడు. చేతిలో చాకు, మోకాలి మీద కాగితం పొట్లం.

"ఏం తీస్తున్నారు?"

"తుప్పండి."

"తుప్పా?"

"ఇనుము జోలికి పోలేదండి. పైనున్నదే గీకుతున్నాను." అతను పొట్లం ముందుకు చాపాడు. అందులో నిజంగానే ఎర్రటి తుప్పు పొడి.

"ఇనుము దొంగల్ని చూశాను గాని, తుప్పు దొంగని చూడటం ఇదే."

అతను నవ్వాడు. దిగివచ్చి, సైకిలు క్యారేజీకి కట్టిన చెక్కపెట్టె విప్పి, ఒక బొమ్మ తీసి ఆమె చేతిలో పెట్టాడు. అరచేతిలో పట్టేంత రోడ్డు రోలరు. ఏ రోడ్డు పక్కనో పదేళ్ళు వానకి తడిసి ఎండకి ఎండినట్టుంది. బోల్టుల కింద నుంచి తుప్పు చారలు సన్నగా కారాయి. ఎలిజబెత్ వేలితో తాకి, తుప్పు అంటిందేమోనని వేలు చూసుకుంది. ఏమీ అంటలేదు.

"డాల్డా డబ్బా రేకండి. మొన్నటిదాకా తళతళలాడేది," అన్నాడు. "నా పేరు బాలశౌరి. ఆటోనగర్లో లారీలకి పెయింటు కొడతాను. వారమంతా పాతవాటిని కొత్తవిగా చేస్తాను. ఆదివారం ఒక్కరోజు ఇలా."

ఆ సాయంత్రం కాలవ నీళ్ళ మీద ఎండ చాలాసేపు ఉండిపోయినట్టనిపించింది ఆమెకి.

ఆ డ్రెడ్జరుని ఇరవై రెండేళ్ళు నడిపింది ఎలిజబెత్ తండ్రి శౌరయ్య. డిపార్టుమెంటు దాన్ని ఆపేసిన రోజు నుంచీ ఆయన పెరటివైపు కుర్చీ వేసుకోలేదు. కాలవకి వీపు తిప్పి, రోడ్డుకేసి చూస్తూ కూర్చునేవాడు. తల్లి పోయాక ఇంట్లో మిగిలింది తండ్రీ కూతురే. ఆయనకి మాటలు తక్కువ. ఇప్పుడు డ్రెడ్జరుని తుక్కు కింద వేలం వేశారని, వానలు వెనకబట్టాక కోసి పట్టుకుపోతారని తెలిసింది. ఆ మాట విన్న రోజు ఆయన అన్నం కలిపి, ముద్ద ఎత్తకుండానే చెయ్యి కడుక్కున్నాడు.

మరుసటి ఆదివారం ఎలిజబెత్ అడిగింది. "దీని బొమ్మ చేసిపెడతారా? మా నాన్న కోసం."

"చేస్తాను. కానీ కొలతలు కావాలి. టేపు రెండో కొస పట్టుకునేవాళ్ళు కావాలి."

"నేను పడతాను."

అలా ఆ వానాకాలం అంతా ప్రతి ఆదివారం, చర్చిలో పూజ అయ్యాక, అతను డెక్కు ఆ చివర, ఆమె ఈ చివర. అడుగుకి పావు అంగుళం లెక్కన అతను పుస్తకంలో రాసుకునేవాడు. జల్లు పడితే ఇద్దరూ స్టీరింగు గదిలోకి దూరేవాళ్ళు. ఆ గది కిటికీలోంచి ఒక తీగ లోపలికి పాకి వచ్చింది. దాని ఆకుల చివర నుంచి నీటి చుక్కలు ఒక్కొక్కటే జారుతుంటే, మాట్లాడకుండా కూర్చోవడం కూడా మాట్లాడినట్టే ఉండేది.

"తుప్పంటే ఒకటే రంగనుకుంటారు," అన్నాడొకసారి. "ఎండ తగిలేచోట నారింజ. నీళ్ళు నిలిచేచోట పాత బెల్లం. నీడలో చింతపండు."

"ఇవన్నీ ఎలా తెప్పిస్తారు?"

"ముందు ఈ తుప్పు పొడి కలిపిన రంగు పూస్తానండి. తడిచేసి ఉప్పు రవ్వలు చల్లుతాను. దాని మీద అసలు రంగు. ఆరాక ఉప్పు రుద్దేస్తే అక్కడక్కడ పెచ్చులూడినట్టు లోపలి తుప్పు బయటపడుతుంది." చెబుతూ చెబుతూ ఆమెకేసి చూసి ఆగాడు. "మీ బుగ్గకి అంటిందండి."

"ఏది, బెల్లమా, చింతపండా?"

"ఆ రంగు నా దగ్గర లేదండి," అన్నాడు, వానకేసి చూస్తూ.

ఆ వారమంతా బడిలో పిల్లలు ఎక్కాలు తప్పు చెప్పినా టీచరుగారు కోప్పడలేదు.

అక్టోబరులో బొమ్మ పూర్తయింది. అతను పెట్టె మూత తీసినప్పుడు ఎలిజబెత్ మొహంలో వెలుగు తగ్గిపోయింది. నల్లగా నిగనిగలాడే చిమ్నీ, ఎర్రటి అంచులు, మెరిసే ఇత్తడి పట్టీలు ఊహించుకుందామె. పెట్టెలో ఉన్నది ఒరిగిపోయిన, పెచ్చులూడిన, తీగలల్లుకున్న డ్రెడ్జరు.

"మా నాన్న దీన్ని రోజూ నూనెగుడ్డతో తుడిచేవాడు," అంది. "ఆయనకి శవాన్ని చూపిస్తారా?"

"నేను చూసింది ఇదేనండి. చూడనిది వేస్తే అబద్ధమవుతుంది."

"లారీల మీద రోజూ వేసేది అబద్ధమేగా."

అన్నాక ఆమెకే చివుక్కుమంది. బాలశౌరి బొమ్మని లోపలికి సర్దాడు. పెట్టె మూత వేశాడు.

"కొత్త రంగు వేసి తెస్తాను. మీకు ఎలా కావాలంటే అలా," అని సైకిలెక్కాడు.

తర్వాతి ఆదివారం అతను రాలేదు. ఆ పై ఆదివారమూ రాలేదు. ఆ మధ్యలో లారీలొచ్చాయి. రెండు రోజులు నీలం మంటలతో కోసి, ముక్కలు ముక్కలుగా డ్రెడ్జరుని తీసుకుపోయారు. మూడో రోజు ఉదయం ఎలిజబెత్ పెరట్లోకి వచ్చేసరికి, శౌరయ్య కుర్చీ కాలవవైపు తిప్పుకుని కూర్చుని ఉన్నాడు. ఎదురుగా వట్టి నీళ్ళు.

"స్టీరింగు గది కిటికీలో తీగ ఉండేదమ్మా. ఈ ఏడే పూతకొచ్చింది," అన్నాడు.

ఆమె తండ్రికేసి చూసింది. "మీరు అటు వెళ్ళేవాళ్ళు కాదుగా నాన్నా."

"నువ్వు లేవకముందే రోజూ వెళ్ళొచ్చేవాణ్ణి. ఓసారి చెయ్యి వేసి వచ్చేవాణ్ణి. తుప్పు పడితే మాత్రం పరాయిదవుతుందా?"

బాలశౌరి కొత్త రంగు వేస్తానన్న మాట ఎలిజబెత్‌కి గుర్తొచ్చింది. బడికి సెలవు చీటీ పంపించి, బెజవాడ బస్సెక్కింది.

ఆటోనగర్లో షెడ్డు వెతికి పట్టుకునేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. ముక్కుకి గుడ్డ కట్టుకుని బాలశౌరి లారీ డోరుకి ఆకుపచ్చ రంగు కొడుతున్నాడు. ఆమెని చూసి స్ప్రే గన్ను దించాడు.

"రంగు వేసేశారా?" అంది, ఆయాసపడుతూ.

అతను ముక్కుగుడ్డ విప్పాడు. "మూడుసార్లు డబ్బా మూత తీశానండి. చెయ్యి రాలేదు. వెయ్యకుండా మీకు మొహం చూపించలేక..."

"వెయ్యొద్దు," అంది. తర్వాత నెమ్మదిగా, "ఆ రోజు నేనన్నది తప్పు. నాకూ తెలిసిన డ్రెడ్జరు అదే. నాన్న రోజూ చెయ్యి వేసి వచ్చిందీ ఆ తుప్పు మీదేనట," అంది.

సాయంత్రం ఇద్దరూ కలిసి బొమ్మని శౌరయ్య ముందు స్టూలు మీద పెట్టారు. ఆయన కళ్ళజోడు పెట్టుకున్నాడు. ముందు ముట్టుకోలేదు. తర్వాత డెక్కు మీద వేలు పెట్టి, బాయిలరు మీదుగా, కిటికీలో తీగ మీదుగా నెమ్మదిగా నడిపించాడు. చిమ్నీ దగ్గర వేలు ఆగింది.

"ఎడం పక్క సొట్ట ఉండాలే."

బాలశౌరి కంగారుపడ్డాడు. "అటుపక్క తీగలు కప్పేశాయండి. చూడలేదు మామయ్యగారూ."

ఆ మాట నోట్లోంచి జారాక గానీ అతనికి తెలియలేదు. ఎలిజబెత్ తలుపు చాటుకి తప్పుకుంది. నవ్వాపుకోవడానికో, ఏడుపాపుకోవడానికో ఆమెకే తెలియదు.

శౌరయ్య కళ్ళజోడు మీదుగా అతన్ని చూశాడు. "అరవై రెండులో వంతెనకి కొట్టానబ్బాయ్. రిపోర్టులో రాయలేదు. ఎవరికీ చెప్పలేదు." అంటూ బొటనవేలు చిమ్నీకి ఆనించి నొక్కాడు. రేకు సన్నగా శబ్దం చేసి లోపలికి వంగింది. ఆయన ఒళ్ళంతా కదిలేలా నవ్వాడు. కూతురు ఆ నవ్వు విని చాలా ఏళ్ళయింది.

"మీ ఇంట్లో పెద్దవాళ్ళెవరు?"

"అమ్మండి. అమలమ్మ."

"వచ్చే ఆదివారం పూజయ్యాక మీ అమ్మగారిని తీసుకురా. మాట్లాడాలి."

బాలశౌరిని సాగనంపడానికి ఎలిజబెత్ గట్టు దాకా వచ్చింది. సన్నగా తుంపర మొదలైంది. అతను సైకిలు ఎక్కకుండా నడిపించుకుంటూ, నడిపించుకుంటూ, ఆగాడు.

"ఎలిజబెత్ గారూ, మీరేమీ అనలేదు."

"నాన్నని మామయ్య అనేశారు. నన్నింకా గారూ అంటున్నారు," అంది ఆమె. "ముందు అది తీసెయ్యండి. అప్పుడు చెబుతాను."

అతను తీసేసి పిలిచాడు. తుంపర పెద్దదైంది. ఇద్దరిలో ఎవరూ పరిగెత్తలేదు.