నీలం పూస

రాళ్లకు నతానియేలు రాసిన లేబుల్ తప్పని అనేవాళ్లు మదనపల్లెలో లేరు. అసలు అతనితో మాట్లాడేవాళ్లే తక్కువ. పగలు కాలేజీలో జియాలజీ పాఠం, సాయంత్రం అద్దె గదిలో ఒక్క కంచం, ఆదివారం చర్చిలో వెనక బెంచీ. అంతే జీవితం.

అందుకే పుంగనూరు సైన్స్ ఎగ్జిబిషన్‌లో, అతను పెట్టిన గులాబీరంగు రాయి ముందు ఒకమ్మాయి గొంతు పెంచేసరికి ఉలిక్కిపడ్డాడు.

"ఎవురండీ దీనికి రోడోక్రోసైట్ అని రాసింది?"

"నేనే. యాల?"

"రోడోక్రోసైటంటే మాంగనీసు రాయి. ఇది మాంగనీసు గాదు, కోబాల్టు. ఉండండి, సూపిస్తా."

పేరు జాస్మిన్. కుప్పంలో కెమిస్ట్రీ లెక్చరర్, ఇక్కడికి జడ్జిగా వచ్చింది. పక్క బల్ల మీది బర్నర్ మంటలో తీగ కొసన బొరాక్స్ కరిగించి, రాతిపొడి రవ్వంత అద్ది మళ్లీ మంటలో పెట్టింది. చల్లారాక అక్కడ, కోబాల్టుకు గుర్తుగా, నీలం పూస మెరిసింది.

"అయితే స్ఫెరోకోబాల్టైట్!" నతానియేలు రాయిని చేతిలోకి తీసుకున్నాడు. "లోపలుండే కోబాల్టు ఖనిజంలోకి వాననీళ్లు, గాలి దిగి దాన్ని మెల్లగా కరిగిస్తాయి. ఆ నీళ్లకు సున్నపురాయి తగిలితే ఇట్లా గులాబీరంగులో పేరుకుంటాది. శానా అరుదు."

"పాఠం ఇంత బాగా తెలుసు. రాయిని మాత్రం గుర్తుపట్టలేదే?"

"పుస్తకంలో తప్ప ఎప్పుడూ ఎదురుపడలేదండీ."

ఆమె పకపకా నవ్వింది. లేబుల్ మార్చాక ఫోటో పంపమని నంబరిచ్చి కుప్పం బస్సెక్కింది. ఆమెను సాగనంపి తిరిగొచ్చి అతను పూస కోసం బల్లంతా వెతికాడు. దొరకలేదు. ఎవరో ఊడ్చేసి ఉంటారనుకున్నాడు.

ఆ తర్వాత గది మరీ పెద్దదైపోయింది. ఫోన్ తీసి ఆమె పేరు చూసుకుంటాడు, పెట్టేస్తాడు. ఫోటో పంపితే "థాంక్స్" అంటుంది. దాంతో అయిపోతుంది. మళ్లీ మాట్లాడటానికి సాకేదీ మిగలదు. ఆ భయంతోనే లేబుల్ జోలికి పోలేదు.

ముసురు పట్టిన ఒక మధ్యాహ్నం, అతని కాలేజీ ల్యాబ్ గుమ్మంలో గొడుగు మూసుకుంటూ జాస్మిన్ కనిపించింది. పలకరింపు కూడా లేకుండా నేరుగా రాళ్లు పెట్టిన అద్దాల బీరువా దగ్గరికి నడిచింది.

"ఇంకా తప్పుడు పేరే ఉండాది! ఇన్నాళ్లూ ఏం జేస్తాండారు?"

ఇప్పుడు నోరు మెదపకపోతే ఇక ఎప్పటికీ లేదనిపించింది అతనికి.

"మార్సేస్తే మీరు మళ్లీ యాల వస్తారు? మీరు లేకుంటే నాకు ఈడ ఎవురూ లేనట్టుండాది, జాస్మిన్."

ఆమె ముఖం ఆ రాయి గులాబీరంగులోకి తిరిగింది. హ్యాండ్‌బ్యాగులోంచి దూదిలో చుట్టిన నీలం పూస తీసి అరచేతిలో పెట్టుకుంది.

"ఆ పొద్దు దొంగతనంగా పెట్టుకునిపోయినా. తిరిగిచ్చే సాకుతో వచ్చినా."

అతను చెయ్యి చాచాడు. ఆమె గుప్పిట మూసేసింది.

"ఇంక ఇయ్యనులే. ముందు పెన్ను తీసుకో, లేబుల్ మార్సుదాం."