ఆనకట్ట దగ్గర

“ఇవి ఎరలా, రబ్బరు బ్యాండ్లా?” అంటూ డార్లా రబ్బరు వానపాముల పొట్లాన్ని కౌంటర్ మీద పడేసింది. “పొద్దుటి నుంచి నీళ్ళలో ఆడిస్తున్నా. ఒక్క బాస్ చేప తల తిప్పి చూడలేదు!”

కోల్బీ నవ్వు ఆపుకున్నాడు. తూర్పు టెక్సాస్‌లో జలాశయం ఒడ్డున ఎరల షాపు నడిపేవాడికి అలిగిన గిరాకీ కొత్త కాదు. అలిగి కూడా ఇంత బాగున్న గిరాకీ మాత్రం ఇదే మొదలు.

“సరుకు మంచిదేనండీ. చోటే తప్పయి ఉంటుంది. ఎక్కడ వేశారు?”

“ఆనకట్ట దగ్గర.”

ఆ షాపుకొచ్చే వాళ్ళందరూ చెప్పే మాటే అది. చేపలు పడే చోటు సొంత తమ్ముడికైనా చెప్పని మనుషులు. ‘ఆనకట్ట దగ్గర’ అంటే ‘నీకెందుకు’ అని అర్థం. అందరూ చెప్పేది నిజమే అయితే అక్కడ నీళ్ళకంటే పడవలే ఎక్కువ ఉండాలి.

“నేనూ అక్కడేనండీ,” అన్నాడు కోల్బీ.

“అబద్ధం. మీ చెవులు ఎర్రబడ్డాయి.”

డార్లా పడవల రేవులో ఇంజన్లు బాగుచేస్తుంది. ఆ రోజు నుంచి ఎరలు కొనడం, వాటిని తిట్టడం, మళ్ళీ వచ్చి కొనడం ఆమెకు అలవాటైంది. ఒక్క పొట్లం కోసం కోల్బీ షాపులో ఉన్న రంగులన్నీ పరిచేవాడు. వ్యాపారంగా చూస్తే శుద్ధ దండగ. కానీ ఆమె రాని రోజు షాపు నిండా జనమున్నా బోణీ కానట్టే ఉండేది. ‘మీరు’ ఎప్పుడు ‘నువ్వు’ అయిందో ఇద్దరూ గమనించనట్టే నటించారు.

ఒక సాయంత్రం ఆమె వెళ్తూ వెళ్తూ తలుపు దగ్గర ఆగింది. “రేపు తెల్లారేసరికి ఉత్తరాన ఎండుచెట్ల పాయకి రా. చేపలన్నీ అక్కడే ఉన్నాయి. నేనూ ఉంటా.” అనేసి తుర్రుమంది.

కోల్బీ లెక్క వేశాడు. చేపలున్న చోటు ఎవరైనా నోరు తెరిచి చెబుతారా? ఉత్తరం అందంటే దక్షిణాన ఉంటుందన్నమాట. వెతుక్కుంటూ వస్తాడో లేదోనని పరీక్ష! తన తెలివికి తనే మురిసిపోతూ దక్షిణానికి వెళ్ళి, మధ్యాహ్నం దాకా వానలో కొంగలతో కాలక్షేపం చేసి వచ్చాడు.

షాపు ముందు డార్లా నిలబడి ఉంది. ఆమె కూడా నిలువునా తడిసింది.

“ఎక్కడ చచ్చావ్?”

“దక్షిణం వైపు... నువ్వు అబద్ధం చెప్పావనుకున్నా.”

“మా అన్నకి కూడా చెప్పని చోటు నీకు చెప్పానురా మొద్దూ!” ఆమె విసురుగా రేవు వైపు నడిచింది. “ఇక నుంచి ఎరలు అవతలి ఒడ్డున కొనుక్కుంటా.”

పోతున్నది గిరాకీ కాదని కోల్బీకి అప్పుడే అర్థమైంది. ఈ నష్టం పూడ్చగల సరుకు అతని దగ్గర ఒక్కటే ఉంది. రేవుకి పరుగెత్తాడు.

డార్లా ఏదో ఇంజన్‌లో తల దూర్చి ఉంది.

“మా తాత పశువుల కొట్టం ఈ నీళ్ళ కింద ఉంది,” అన్నాడు రొప్పుతూ. “ఆనకట్ట కట్టినప్పుడు మునిగిపోయింది. పెద్ద చేపలన్నీ దాని రాతి పునాదిలో కాపురం పెట్టాయి. ఒడ్డు మీది చర్చి శిఖరం వెనక్కి ఊరి నీళ్ళ ట్యాంకు సరిగ్గా వచ్చేదాకా పడవ నడుపు. అక్కడే! నాన్నకీ నాకూ తప్ప ఎవరికీ తెలీదు. రేపు పొద్దున్నే అక్కడుంటా.”

ఆమె ఒక్కసారి తలెత్తి చూసింది.

“కథ బాగుంది. ఆనకట్ట దగ్గరే కదా?” అని మళ్ళీ ఇంజన్‌లోకి వంగింది.

మర్నాడు చినుకులు. చర్చి శిఖరం వెనక ట్యాంకు సరిగ్గా కుదిరింది. గాలం వేసి కోల్బీ ఎదురుచూస్తూ కూర్చున్నాడు. డార్లా పడవ చప్పుడు వినిపించింది, దగ్గరైంది, అంతలోనే ఆనకట్ట వైపు సాగిపోయింది.

కోల్బీ గుండె సీసపు గుండులా అడుక్కి దిగిపోయింది.

ఉన్నట్టుండి చప్పుడు ఆగింది. మళ్ళీ మొదలైంది. ఈసారి ఇటువైపే!

“సగం దారిలో గుర్తొచ్చింది!” దూరం నుంచే అరిచింది డార్లా. “నిన్న నీ చెవులు ఎర్రబడలేదు!”

“నువ్వంటే నాకు ప్రేమ!” అని ఇటు నుంచి అతనూ అరిచాడు.

“టోపీ తియ్యి. చెవులు చూడాలి!”

తీశాడు. చూసింది. చూసినదే చాలక అతని పడవలోకి దూకేసింది. పడవ ఊగింది, పడిపోకుండా ఇద్దరూ ఒకరినొకరు పట్టుకున్నారు. పడవ కుదుటపడింది గానీ చేతులు మాత్రం వదలలేదు. సరిగ్గా అప్పుడే గాలం కర్ర నీళ్ళలోకి దూకబోయింది.

ఆ చేపను షాపు తూకం మీద పెట్టగానే జనం మూగారు. “ఎక్కడ పడిందిరా ఇది?”

“ఆనకట్ట దగ్గర!” ఇద్దరూ ఒక్క గొంతుతో అన్నారు. కోల్బీ చెవులు టమాటాల్లా పండాయి.

అతని తండ్రి ఏమోస్ చేపను నీళ్ళ తొట్టిలోకి వదిలాడు. అందరూ వెళ్ళాక అడిగాడు.

“తాత చోటు చెప్పేశావా?”

“చెప్పేశా నాన్నా.”

ఏమోస్ గడ్డం గోక్కున్నాడు. “ఆ చోటు సంగతి మన గడప దాటకూడదని మా నాన్న నా దగ్గర మాట తీసుకున్నాడు. ఇప్పుడది దాటింది. మాట నిలబడాలంటే దారి ఒక్కటే. అమ్మాయ్, నువ్వే మా గడప లోపలికి రావాలి. ఏమంటావ్?”

“ఆలోచించుకోవాలండీ. కాస్త టైం కావాలి,” అంది డార్లా మహా గంభీరంగా.

ఆమె చెవులు ఎర్రగా కందిపోయాయి.