మనిషి లాగని బండి

పొద్దున్నే ఎసరు పెట్టి వెంకమ్మ పెరట్లోకి తొంగి చూసింది. "మళ్లీ మొదలైపోనాది" అని నుదురు కొట్టుకుంది. రేకుల షెడ్డులో ఆమె మొగుడు కన్నారావు తువ్వాలు నడుముకి బిగించి, మోటారు కారు ముందు వంగి హేండిలు తిప్పుతున్నాడు. తిప్పినప్పుడల్లా లోపల ముసలాడెవరో దగ్గినట్టు రెండు దగ్గులు వచ్చి ఆగిపోతున్నాయి. మూడు రోజులుగా ఆ ఇంట్లో ఇదే సంగీతం.

"మావా, చల్దన్నం తినీసి తిప్పుకో. అది ఎక్కడికీ పోదు."

"ఏటి, ఎగతాళా?"

"నానెందుకు ఎగతాళి సేస్తాను? నిజంగానే పోదు గదా!"

రంగూను రేవులో కన్నారావు మేస్త్రి అంటే మాటలా! బియ్యం బస్తాలు ఓడకెక్కించే జట్టు అతనిది, నలభై మంది కూలీలు. ఒక్క కేక వేస్తే బస్తాల కొండ కదిలి ఓడలోకి నడిచిపోవాల్సిందే. అలాంటి మనిషి ఆరు నెలలుగా ఒక ఆకుపచ్చ మోటారు ముందు చేతులు కట్టుకుని నిలబడుతున్నాడు. అది ఇష్టమైతే కదులుతుంది, లేకపోతే లేదు.

నిజానికి అతను మోటారు కొందామని వెళ్లలేదు. పుష్యంలో తల్లి మంగాయమ్మకి ఎడమవైపు కాలూ చెయ్యీ పడిపోయాయి. సీమకి వెళ్లిపోతున్న ఒక టేకు కంపెనీ దొర సామాను వేలం వేస్తున్నారంటే, అమ్మకి వాలుకుర్చీ తెద్దామని వెళ్లాడు. అక్కడ మంచుకి తడిసి మెరుస్తూ ఈ మోటారు కనబడింది. ముదురాకుపచ్చ రంగు, వెండిలా తళతళలాడే దీపాలు, తలుపు తీస్తే గుప్పుమన్న తోలు వాసన. దొర దీంట్లో ఒకే పరుగున మాండలే దాకా వెళ్లి వచ్చేవాడట. అంతే, వాలుకుర్చీ సంగతి మరిచిపోయి చెయ్యి ఎత్తేశాడు. ఆ చెయ్యి మళ్లీ దించేసరికి పన్నెండేళ్ల కష్టం అక్కడే కరిగిపోయింది.

ఆ రోజు వీధి వీధంతా వాకిట్లో మూగింది. కన్నారావు తల్లి కాళ్ల దగ్గర కూర్చుని అందరూ వినేలా చెప్పాడు.

"అమ్మా, ఇది మనిషి లాగని బండి. గుర్రం కూడా లాగదు. ఆషాఢ అమాసకి నిన్ను దీంట్లోనే రేవుకి తీసుకెళ్తాను. ఒట్టు!"

ఆ ఒట్టు విలువ ఆ వీధిలో అందరికీ తెలుసు. మంగాయమ్మ మొగుడు అచ్చయ్య లంచా లాగేవాడు. మనిషి కూర్చుంటే మనిషి లాగే రెండు చక్రాల బండిని రంగూనులో లంచా అంటారు. ఎక్కేవాళ్లు ఎవరైనా కానీండి, లాగేది మాత్రం మనవాళ్లే. ముప్ఫై ఏళ్ల కిందట ఒక ఆషాఢ అమావాస్యనాడు, జోరువానలో, బండిలో మనిషి కూర్చుని ఉండగానే రేవు ఒడ్డున కూలిపోయాడు అచ్చయ్య. అతని బూడిద ఆ నదిలోనే కలిపారు. అప్పటినుంచి మంగాయమ్మ మనిషి లాగే బండి ఎక్కలేదు. ఎక్కనని మొక్కుకుంది. ఏటేటా ఆ రోజున ఎండుచేపల పులుసుతో ఒక అన్నం ముద్ద కలిపి, రేవుదాకా నడిచి వెళ్లి, ఆటు మొదలై నీళ్లు సముద్రంకేసి తిరిగే వేళకి వదిలి వచ్చేది. శాస్త్రం ఏమంటుందో ఆమెకి తెలియదు గానీ, ఆయన నాలుక ఏమంటుందో బాగా తెలుసు.

ఆ ఆషాఢ అమావాస్య ఇవాళే. ఆటు పదకొండు గంటలకి మొదలవుతుంది. పొద్దుటినుంచీ వాన. మోటారు దగ్గుతోంది.

మంగాయమ్మ అప్పటికే తల దువ్వించుకుని, ఉతికిన తెల్లచీర కట్టించుకుని, వాకిట్లో చూరు కింద బల్ల మీద కూర్చుని ఉంది. ఒళ్లో విస్తరాకు మూసిన చిన్న గిన్నె. బాగున్న చేత్తో దాన్ని పదిలంగా పట్టుకుంది.

"కోడలా, అయిందేటే?"

"అవుతోందత్తా."

"బేగి కానీమను. మీ మావయ్యకి ఆకలెక్కువ."

వెంకమ్మ షెడ్డు కేసి చూసింది. ఈ మోటారు వచ్చిన దగ్గర్నుంచీ ఈ ఇంట్లో సుఖం లేదు. మొదటి వారంలోనే తెలిసింది, దీంట్లో కూర్చోవడానికి రెండే చోట్లని. కొన్న మనిషి ఆనందంలో అది చూసుకోనేలేదు! డ్రైవరుకి ఒకటి, అమ్మకి ఒకటి. మరి పక్కకి ఒరిగిపోయే అమ్మని పట్టుకునేదెవరు? వెనక మూత ఎత్తితే ఇంకో పీట ఉంది గానీ, అది ఎక్కాలంటే తాటిచెట్టు ఎక్కడం వచ్చి ఉండాలి. అందుకని కన్నారావు పెట్టుకున్న డ్రైవరుని మానిపించి, తనే నాలుగు ఆదివారాల్లో నడపడం నేర్చుకున్నాడు. ఒక చేత్తో స్టీరింగు చక్రం, ఒక చేత్తో అమ్మ. అదీ అతని లెక్క.

ఇంతకుముందు రోజూ తెల్లవారగానే జట్టు వాకిట్లో చేరేది. కన్నారావు ముందు, పక్కనే వెంకమ్మ అన్న బుల్లియ్య, వెనక నలభై మంది. అందరూ కబుర్లాడుకుంటూ రేవుకి నడిచేవాళ్లు. మేస్త్రి ముందు నడవడం అక్కడ ఆనవాయితీ. మోటారు వచ్చాక కన్నారావు నడక మానేశాడు. జ్యేష్ఠంలో ఒక వానరోజున జట్టు రోడ్డు పక్కన నడుస్తుంటే మోటారు హారను కొట్టుకుంటూ వచ్చి, బుల్లియ్యని నెత్తి నుంచి కాళ్లదాకా బురదలో ముంచేసి, ఆగకుండా పోయింది. వెనక్కి తిరిగి కూడా చూడలేదు. ఆ రోజు నుంచి బుల్లియ్య చెల్లెలి గుమ్మం తొక్కలేదు. పనిలో ఎదురుపడితే "బావా" అనడం మాని "మేస్త్రిగారూ" అంటున్నాడు. ఆ మాట విన్నప్పుడల్లా కన్నారావు ముఖం మాడిపోయేది.

తొమ్మిదిన్నరకి మరమ్మతులు చేసే బర్మావాడు కో టున్ వచ్చాడు. మూత ఎత్తి, లోపలికి తల దూర్చి, చాలాసేపు చూసి, వచ్చీరాని తెలుగులో చెప్పాడు. "మేస్త్రి, లోన నీరు. ఒక సామాను పోయింది. సీమ నుంచి రావాలి. మూడు నెల."

"మూడు నెలలా? నాకు గంటలో కావాలయ్యా!"

కో టున్ జాలిగా చూసి, చేతులు తుడుచుకుని వెళ్లిపోయాడు. కన్నారావు మళ్లీ హేండిలు పట్టుకుని పిచ్చిపట్టినట్టు తిప్పాడు. అది ఒక్కసారిగా వెనక్కి తన్ని అతని మణికట్టు మీద కొట్టింది. అతను కింద కూలబడ్డాడు.

వెంకమ్మ పరుగెత్తింది. "సాలు మావా, వొదిలీ! గుర్రబ్బండి తెస్తాను."

"ఎక్కడున్నాది గుర్రబ్బండి? ఇయ్యాల మెయిలు స్టీమరు. ఊళ్లో గుర్రబ్బళ్లన్నీ రేవులోనే ఉంటాయి."

"మరి ఏటి సేస్తావు? ఆ గిన్నె ఒళ్లో ఎట్టుకుని అత్త పొద్దుటినుంచి కూకున్నాది. నీకు కనపడతన్నాదా?"

"కనపడతన్నాదే!" అని అరిచాడు. "అది కనపడే గదా సస్తన్నాను!"

"కనపడదు నీకు! ఆరు నెలలయింది. పనికాడినించి వొస్తే మోటారు తుడవడం, ఆదోరం వొస్తే మోటారు కడగడం. ఆవిడ పక్కన ఒక్క పూటైనా కూకున్నావా? ఈ షెడ్డు కేసి సూసుకుంటానే ఆవిడకి పొద్దుగూకిపోతన్నాది. దీని తోలు మీద సెయ్యేసినన్ని సార్లు అమ్మ సేతి మీద ఏసినావా? మా అన్నని బురదలో ముంచీసి, తిరిగి సూడకుండా ఎల్లిపోయినోడివి..."

"నాకు ఆపడం తెల్దే!"

వెంకమ్మ అతని ఎదురుగా చతికిలబడింది.

"నిజం సెప్తన్నాను. నడపడమే వొచ్చింది, ఆపడం సరిగ్గా రాదు. ఆ రోజు కాలికి ఏది దొరికితే అది తొక్కీసినాను. అది ఇంకా జోరుగా ఎల్లిపోనాది. బుల్లియ్య బావ నా కేసి సూసిన సూపు... ఎనక్కి తిరిగితే ఇంకెవుళ్ల మీదకి ఎక్కిస్తానో అని తిరగనేదు. నలుబై మందికి మేస్త్రిని, నాకు బండి ఆపడం తెల్దని ఎలగ సెప్పుకోను?" అంటూ బురద చేతులతోనే ముఖం కప్పుకున్నాడు. ఆ పెద్ద భుజాలు రెండూ వణికాయి.

పెళ్లయిన ఇరవై ఏళ్లలో మొగుడు ఏడవడం వెంకమ్మ చూడలేదు. కోపమంతా ఎటు పోయిందో! చెంగుతో అతని ముఖం తుడిచి, ఇంకేమీ అనకుండా, వానలోనే వీధిలోకి వెళ్లింది.

వాన పడితే బియ్యం ఓడకెక్కించరు కనక జట్టంతా పక్కవీధి బసలోనే ఉంది. బుల్లియ్య గోడకానుకుని చుట్ట కాలుస్తున్నాడు. చెల్లెలు చెప్పినదంతా విన్నాడు. చివరికి చుట్ట తీసి అడిగాడు.

"ఆపడం తెల్దా?"

"తెల్దంటన్నాడు."

"ఓలమ్మా! అంటే ఆ రోజు నన్ను సంపీసినా సంపీసేవోడే!" అన్నాడు. నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. "అత్త కూకునున్నాదేటి?"

"గిన్నె ఎట్టుకుని కూకునున్నాది."

బుల్లియ్య లేచి, బస్తాలు లాగే మోకులు భుజాన వేసుకున్నాడు. ఎవరినీ పిలవక్కర్లేకపోయింది. ఇరవై మంది వెనకే లేచారు.

మంగాయమ్మని ఎత్తి తోలు సీటు మీద కూర్చోబెట్టారు. కన్నారావు చక్రం దగ్గర కూర్చుని, రెండో చేత్తో తల్లిని పొదివి పట్టుకున్నాడు. మోటారు ముందు ఇరుసుకి మోకులు కట్టారు. వానకి అద్దం మీద నీళ్లు ధారలు కడుతున్నాయి. ముందేముందో లోపలికి కనబడదు. బండి మెల్లగా కదిలి వీధిలోకొచ్చింది.

"కదిలిందిరా కన్నా!" అంది మంగాయమ్మ, చంటిపిల్లలా.

"కదిలిందమ్మా."

"సప్పుడు నేదేటి?"

"దొరల బండి గదమ్మా. సప్పుడు సెయ్యదు."

అబద్ధం నోట్లో ఉండగానే, పెద్దవీధి ఎత్తు దగ్గర ముందు చక్రం గుంటలో దిగింది. లాగేవాళ్ల నోళ్లు ఊరుకుంటాయా? అలవాటు చొప్పున బుల్లియ్య గొంతెత్తాడు. "హైలెస్సా!" ఇరవై గొంతులు అందుకున్నాయి. "హైలెస్సా!"

మంగాయమ్మ ముఖంలో వెలుగు ఆరిపోయింది. ముప్ఫై ఐదేళ్లు రేవు పక్కన బతికిన మనిషికి ఆ కేక తెలియదా?

"ఆపించు" అంది.

"అమ్మా..."

"ఆపించమన్నాను! ఎవుళ్లురా లాగతన్నది?"

బండి ఆగింది. బుల్లియ్య తలుపు దగ్గరికి వచ్చి తడిసిన తల వంచుకుని నిలబడ్డాడు. "మేమే అత్తా. మోటారు సెడిపోనాది. కూలికి కాదత్తా. నీకోసం మాకు మేమే..."

మంగాయమ్మ గిన్నె మీద విస్తరాకు సర్దుకుంది. కన్నారావు ముందుకీ వెనక్కీ చూశాడు. ముందుకి తీసుకెళ్తే అమ్మ మొక్కు పోతుంది, వెనక్కి తిప్పితే నాన్న ముద్ద ఆగిపోతుంది. రెండూ తన చేతిలో లేవు. చేతిలో ఉన్న చక్రం ఎటు తిప్పినా బండి కదలదు.

"మీ నాయిన బండిలో కూడా ఒకడు కూకునుండేవోడు" అంది చివరికి. "మెత్త మీద, నీలాగే. వోన తగలకుండా."

కన్నారావు చక్రం మీది చెయ్యి తీసేశాడు.

"నా మొక్కు సంగతి ఆయనతో నాను సెప్పుకుంటాను. నువ్వు దిగు."

"దిగి?"

"మోకు అట్టుకో. అచ్చయ్య కొడుకువి, నీకిక్కడేటి పని?"

"మరి సక్రం ఎవులు తిప్పుతారమ్మా? నిన్నెవులు అట్టుకుంటారు?"

"కోడలు నేదేటి?"

వెనకే తడుస్తూ నడుస్తున్న వెంకమ్మ, ఆరు నెలలుగా ఆ మోటారుని ముట్టనని భీష్మించుకున్న వెంకమ్మ, మారుమాట లేకుండా ఎక్కి కూర్చుంది. ఒక చేత్తో చక్రం, ఒక చేత్తో అత్త. కన్నారావు దిగి అందరికంటే ముందుకి పోయి మోకు భుజాన వేసుకున్నాడు. దెబ్బ తగిలిన మణికట్టు సలుపుతోంది. పక్కన బుల్లియ్య చేరాడు.

"బావా, కాలు జారుతాది, సూసుకో" అన్నాడు.

'బావా' అన్న ఆ పిలుపు వినేసరికి కన్నారావు మోకు ఇంకా గట్టిగా బిగించి పట్టుకున్నాడు. హైలెస్సా అనలేకపోయాడు. ఊరికే లాగాడు. వీధి మొగలో లంచాలవాళ్లు బళ్లు దించి నిలబడి చూశారు. దొరలెక్కే మోటారుని మేస్త్రి ముందుండి లాగుతుంటే ఒక్కరూ నవ్వలేదు. అందులో నలుగురైదుగురు వచ్చి తాళ్లు పట్టుకున్నారు.

రేవు చేరేసరికి వాన వెలిసింది. అవతలి ఒడ్డున దలా ఊరి చెట్లు మసకగా కనబడుతున్నాయి. నీళ్లు అప్పుడే సముద్రంకేసి తిరుగుతున్నాయి. కన్నారావు తల్లిని ఎత్తుకుని మెట్లు దిగాడు. ఆరు నెలల్లో ఎంత తేలికైపోయిందో అతనికి అప్పుడే తెలిసింది. ఇంకో ఆషాఢం ఈ ఒంటికి ఉండదని కూడా తెలిసిపోయింది. మేస్త్రి అయితేనేం, మోటారు ఉంటేనేం, దానికి అతను చేయగలిగింది ఏమీ లేదు. ఆమె ముద్దని నీళ్లలో వదిలింది. అది ఒకసారి తిరిగి మెల్లగా వెళ్లిపోయింది.

మంగాయమ్మ బాగున్న చేత్తో కొడుకు మోకాలు తడిమింది.

"కాళ్లు నొప్పెట్టినాయేట్రా?"

"నేదమ్మా" అన్నాడు కన్నారావు. కాళ్లు వణుకుతూనే ఉన్నాయి.

ఆమె ఒక్కసారిగా కొడుకు మెడ పట్టుకుని భోరుమంది.

"రోజూ బండి దించి వొచ్చినాక నాను ఇదే అడిగీదాన్నిరా. మీ నాయిన కూడా ఇదే అబద్దం ఆడేవోడు."